రెండు టికెట్లుగా కొంటే 34,000 రూపాయలు నిజంగా మిగులుతాయా?

ప్రశ్న: మాది అనకాపల్లి. మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాన్నగారిని (64), అమ్మను (59) మార్చిలో అక్కడికి పంపి జూన్‌లో తిరిగి రప్పించాలనుకుంటున్నాం. విశాఖపట్నం నుంచి సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్‌కు ఒకే టికెట్‌గా తీసుకుంటే లగేజీ, భోజనంతో సహా రానూపోనూ మనిషికి 78,000 రూపాయలు అవుతోంది. విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్‌లో, అక్కడి నుంచి మెల్‌బోర్న్‌కు జెట్‌స్టార్‌లో (రెండూ తక్కువ ధరల బడ్జెట్ విమాన సంస్థలే) విడివిడిగా కొంటే 61,000కే వస్తోంది. 20 కిలోల లగేజీకి ఒక్కో విమానానికి సగటున 2,400 అదనంగా చూపిస్తోంది. రెండు విమానాల మధ్య మూడున్నర గంటల వ్యవధి ఉంది. ఇద్దరికీ కలిపి 34,000 మిగులుతుంది కదా, విడిగా కొనమంటారా? డిసెంబరులో పది రోజుల కోసం నేను కూడా వెళ్లాలి. నాకు ఏ పద్ధతి మంచిది?

జవాబు: మీ అమ్మానాన్నలకు విడి టికెట్లు వద్దు. మీకు మాత్రం, కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే, అవి బాగానే పనికొస్తాయి. డబ్బు ఒకటే, దారి ఒకటే అయినా ఇద్దరికి రెండు రకాల సలహా ఎందుకు ఇస్తున్నానో లెక్కతోనే చెబుతాను.

మీరు చెప్పిన 34,000 రెండు టికెట్ల ధరల మధ్య తేడా మాత్రమే. ప్రయాణాల ఖర్చుల మధ్య తేడా వేరు. 61,000 రూపాయల ధరలో చేతిసంచి తప్ప వేరే లగేజీ లేదు. ఇద్దరు మనుషులు, పోయేటప్పుడు రెండు విమానాలు, వచ్చేటప్పుడు రెండు విమానాలు, అంటే 20 కిలోల లగేజీని మీరు ఎనిమిది సార్లు కొనాలి. ఎనిమిదిని 2,400తో హెచ్చిస్తే 19,200 అవుతుంది. మీరు కొనబోయే వాటిలో సుమారు 60,000 రూపాయల మేర విదేశీ కరెన్సీలో కట్టవలసి వస్తుందనుకుంటే, చాలా క్రెడిట్ కార్డులు దాని మీద 3.5 శాతం వరకు మార్కప్ (కరెన్సీ మార్పిడికి అదనపు రుసుము) వేస్తాయి, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడుతుంది, ఆ రెండూ కలిపి 2,478. బడ్జెట్ విమానాల్లో భోజనం కొనుక్కోవాలి కనుక పూటకు 500 చొప్పున ఎనిమిది భోజనాలకు 4,000. ఇవన్నీ కలిపితే 25,678 రూపాయలు. మీ 34,000లో చివరికి మిగిలేది 8,322 మాత్రమే.

ఇప్పుడు ఆ 8,322 కోసం మీరు ఏ నష్టభయాన్ని నెత్తిన వేసుకుంటున్నారో చూడండి. సింగపూర్‌లో రెండో విమానం తప్పిపోతే, ఆ రోజుకారోజు ఇద్దరికి టికెట్లు, ఒక రాత్రి బస కలిపి 50,000 పక్కన పెట్టుకోవలసిందే. పోనూరానూ ప్రయాణాలు ఆరింటిలో ఒకదానిలో విమానం తప్పినా మీ పొదుపు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆరింటిలో ఒకసారి తప్పుతుందని నేను అనను. అంతకన్నా తక్కువగానే తప్పవచ్చు. అయినా సగటు లెక్క అనేది వందసార్లు ప్రయాణించేవారికి ఊరట. జీవితంలో మొదటిసారో రెండోసారో దేశం దాటుతున్న ఇద్దరు పెద్దవాళ్లకు ఆ నష్టం సగటుగా రాదు, వస్తే మొత్తంగా ఒకే ఉదయం వచ్చి పడుతుంది. ఆ ఉదయం వాళ్ల పక్కన మీరు గానీ మీ తమ్ముడు గానీ ఉండరు.

మూడున్నర గంటలు చాలా ఎక్కువ వ్యవధిలా కనిపిస్తుంది. ఒకే టికెట్ మీద అయితే నిజంగానే ఎక్కువ, ఎందుకంటే బ్యాగులు విశాఖలో ఇస్తే మెల్‌బోర్న్‌లో అందుతాయి, మనుషులు ఇమిగ్రేషన్ దాటకుండానే లోపలి నుంచి మరో గేటుకు నడిచి వెళ్తారు. విడి టికెట్ల మీద అలా కుదరదు. ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి సింగపూర్ దేశంలోకి ప్రవేశించాలి, బెల్టు దగ్గర బ్యాగులు తీసుకోవాలి, కస్టమ్స్ దాటి బయటికి రావాలి, తరువాత టెర్మినల్ మారాలి. సింగపూర్ విమానాశ్రయమైన చాంగీలో స్కూట్ విమానాలు టెర్మినల్ 1 నుంచి, జెట్‌స్టార్ విమానాలు టెర్మినల్ 4 నుంచి నడుస్తాయి. మిగతా మూడు టెర్మినళ్లను కలిపే స్కైట్రెయిన్ నాలుగో టెర్మినల్‌కు వెళ్లదు, షటిల్ బస్సు ఎక్కాలి. పైగా చెక్-ఇన్ కౌంటరు విమానం బయలుదేరడానికి గంట ముందే మూసేస్తారు. కాబట్టి మీ చేతిలో నిజంగా ఉన్నది రెండున్నర గంటలు. మొదటి విమానం ఒక గంట ఆలస్యమైతే మిగిలేది గంటన్నర. వీల్‌చెయిర్ సహాయం అడిగి ఉంటే అది కూడా మొదటి విమానం వరకే వర్తిస్తుంది. వాళ్ల మనిషి అరైవల్స్ దగ్గర విడిచిపెట్టి వెళ్లిపోతాడు, టెర్మినల్ 4 దాకా తీసుకువెళ్లడం అతని బాధ్యత కాదు.

ఇంకొక సంగతి, డబ్బుకన్నా ముందు చూడవలసినది. సింగపూర్‌లోకి ప్రవేశించడానికి భారతీయులకు వీసా కావాలి. ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల వీసా ఉన్నవారికి 96 గంటల వరకు వీసా లేకుండా అనుమతించే ట్రాన్సిట్ (మధ్యలో ఆగి ముందుకు వెళ్లే) సదుపాయం ఉన్నమాట నిజమే. కానీ పోయేటప్పుడు అది వర్తించాలంటే ఆస్ట్రేలియా వీసా ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రవేశించడానికి ఇచ్చినదై ఉండాలి, చేతిలో ముందుకు వెళ్లే టికెట్ ఉండాలి. ఇచ్చేదీ లేనిదీ అక్కడి ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయం. సింగపూర్ అరైవల్ కార్డును కూడా ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి రుసుము లేదు. ఒకే టికెట్ మీద లోపలి నుంచే మారేవారికి ఈ తతంగం ఉండదు.

చేతిసంచి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా కుటుంబాల లెక్క తప్పేది ఇక్కడే. స్కూట్ ఎకానమీలో చేతిసంచి, చిన్న బ్యాగు కలిపి 10 కిలోలు అనుమతిస్తుంది. జెట్‌స్టార్ మామూలు టికెట్ మీద రెండూ కలిపి 7 కిలోలే అనుమతిస్తుంది. విశాఖలో ఎవరూ అభ్యంతరం చెప్పని బ్యాగు సింగపూర్‌లో మూడు కిలోలు అదనమవుతుంది. విడి టికెట్లు కొన్నప్పుడు పాటించవలసిన పరిమితి రెండింటిలో తక్కువదే. చక్రాల బ్యాగు ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది కనుక అందులో మీరు పెట్టగలిగేది నాలుగు కిలోలు. కొన్నేళ్ల క్రితం మా పిన్నితో కలిసి ఇలాగే విడి టికెట్ల మీద ప్రయాణం చేసినప్పుడు, గేటు దగ్గర ఆమె సంచిని తూకం వేస్తే 9 కిలోల 400 గ్రాములు చూపించింది. ఆమె నేల మీద కూర్చుని సంచి విప్పి, పాత వాయిల్ చీరలో చుట్టిన కందిపొడి డబ్బా, కరివేపాకు పొడి డబ్బా, మనవరాలికి కుట్టించిన రెండు పట్టుపరికిణీలు ఒక్కొక్కటే బయటికి తీస్తూ, ఏది వదిలేయాలో తేల్చుకోలేక నా ముఖం వంక చూసింది. అదనపు రుసుము నేనే కట్టాను. ఇంటి దగ్గర ముందుగా కొని ఉంటే అందులో సగం కూడా అయ్యేది కాదు. మూడు వందలో నాలుగు వందలో పెడితే చేతితో వేలాడదీసి తూచే చిన్న త్రాసు దొరుకుతుంది. విడి టికెట్ల మీద వెళ్లే ప్రతి ఇంట్లో అది ఉండాలి. ఆవకాయ, నెయ్యి ఎంత బాగా మూత బిగించినా చేతిసంచిలో పెట్టకండి. ద్రవాలకు, ముద్దగా ఉండే పదార్థాలకు అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది. ఆస్ట్రేలియాలో దిగగానే తిండి పదార్థాలన్నీ కార్డులో ప్రకటించాలి, పచ్చి కరివేపాకు అసలు తీసుకువెళ్లకూడదు. చేతిసంచిలో ఉండవలసినవి మందులు, డాక్టరు చీటీలు, పాస్‌పోర్టులు, బంగారం ఉంటే బంగారం, ఒక జత బట్టలు.

మీరు చూడని మూడో దారి ఒకటి ఉంది. స్కూట్ సంస్థ సింగపూర్ నుంచి మెల్‌బోర్న్‌కు కూడా విమానాలు నడుపుతుంది. విశాఖ నుంచి మెల్‌బోర్న్ అని ఒకేసారి వెతికి, రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద వచ్చేలా కొంటే, బ్యాగులు నేరుగా మెల్‌బోర్న్‌కు వెళ్తాయి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తరువాతి దాంట్లో పంపించే పూచీ ఆ సంస్థదే అవుతుంది. దాని ధర మీ 78,000కూ, లగేజీ కలిపిన తరువాత మీ విడి టికెట్లకయ్యే అసలు ఖర్చుకూ మధ్యలో వచ్చే అవకాశం ఉంది. తప్పకుండా వెతికి చూడండి. అయితే ఒకే కంపెనీ విమానాలైనా రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లతో కొంటే వాటిని విడి టికెట్లుగానే లెక్కగడతారు. కంపెనీ పేరు ఒకటే కదా అని మోసపోయినవారు నాకు తెలుసు.

ఢిల్లీ, ముంబైల మీదుగా అమెరికా వెళ్లేవారికి కూడా ఇదే లెక్క, ఇంకాస్త కఠినంగా వర్తిస్తుంది. అమెరికా టికెట్ మీద చాలాచోట్ల 23 కిలోల పెట్టెలు రెండు, అంటే 46 కిలోలు ఇస్తారు. విడిగా కొన్న దేశీయ టికెట్ మీద సాధారణంగా 15 కిలోలే. మిగిలిన 31 కిలోలకు కిలోకు వందల చొప్పున కట్టాలి. ఆ దేశీయ విమానం సంస్థ కారణంగా రద్దయితే, ముందుగా చెప్పనప్పుడు, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రెండు గంటలకు పైబడిన ప్రయాణానికి దక్కే పరిహారం 10,000 రూపాయలు లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. తప్పిపోయిన అమెరికా టికెట్ ధర అందులోకి రాదు. పొగమంచు వల్ల రద్దయితే ఆ పరిహారం కూడా ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ మీదుగా విడి టికెట్లు కొనవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. కనెక్షన్ తప్పితే చెల్లిస్తామని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది, కానీ రెండు విమానాల మధ్య కనీస వ్యవధి ఎంత ఉండాలి, విడి టికెట్లకు వర్తిస్తుందా అన్నది లోపలి షరతుల్లో ఉంటుంది. ప్రీమియం కట్టే ముందు ఈ రెండు ప్రశ్నలకు కంపెనీ నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

ఇక మీ డిసెంబరు ప్రయాణం. మీరు ఒక్కరే, పది రోజులే, 7 కిలోల సంచితో సరిపెట్టుకోగలరు. అప్పుడు లగేజీ ఖర్చు లేదు, బెల్టు దగ్గర నిరీక్షణ లేదు, ఒక మనిషికి మిగిలే 17,000లో కార్డు మార్కప్, భోజనాలు పోను అధిక భాగం నిలుస్తుంది. మూడున్నర గంటలు కాకుండా కనీసం ఆరేడు గంటల వ్యవధి పెట్టుకోండి. మెల్‌బోర్న్‌కు ఆ రోజు వెళ్లే ఆఖరి విమానాన్ని ఎంచుకోకండి. తిరుగు ప్రయాణంలో ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి, ఎందుకంటే సింగపూర్ నుంచి విశాఖకు గంటకొక విమానం ఉండదు, ఒకటి తప్పితే మర్నాటి దాకానో ఆ మరునాటి దాకానో ఆగవలసి రావచ్చు. వీలైతే ఆ రాత్రి సింగపూర్‌లోనే బస చేసి ఉదయం బయలుదేరండి. ఈ ప్రయాణానికి 30,000 రూపాయలు స్వీప్-ఇన్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో (అవసరమైతే వెంటనే పొదుపు ఖాతా ద్వారా వాడుకోగల డిపాజిట్) విడిగా ఉంచి, ఇంటికి చేరేదాకా ముట్టుకోకండి. విమానం తప్పితే టికెట్‌కు పనికొస్తుంది, తప్పకపోతే అది మీదే.

ఆస్ట్రేలియా వీసా మంజూరు పత్రంలో ప్రవేశాల సంఖ్య ఎదురుగా ఏమి రాసి ఉందో మీరూ, అమ్మానాన్నల పత్రాల్లో మీ తమ్ముడూ చూసిన తరువాతే టికెట్ల సొమ్ము కట్టండి.