కెర్నల్ దిగిందంటే టీఎఫ్‌టీపీని వదిలేయండి

నెట్‌వర్క్ మీదుగా (పీఎక్స్‌ఈ బూట్‌తో) లైనక్స్ ఇన్‌స్టాల్ చేస్తుంటే, కెర్నల్ (లైనక్స్ మూల ప్రోగ్రామ్), ఇనిట్‌ఆర్‌డీ (బూట్‌కి కావాల్సిన తాత్కాలిక ఫైల్ సిస్టమ్) రెండూ దిగాక డ్రాకట్ (అందులో నడిచే బూట్ ప్రోగ్రామ్) ఇనిట్‌క్యూ టైమౌట్ అంటూ లైన్లు వరసగా వస్తూ, కిక్‌స్టార్ట్ (దానంతటదే ఇన్‌స్టాల్ అయ్యేలా సూచనలిచ్చే ఫైల్) మొదలవకుండానే ఆగిపోతోంది అన్నారు కదా, అచ్చం ఇలాగే నాకూ అయింది. రెండు రోజులు టీఎఫ్‌టీపీ సర్వర్‌నే (ఈ బూట్ ఫైళ్లను పంపేది) కెలుకుతూ కూర్చున్నా. దండగ! కెర్నల్ మెసేజ్‌లు కనిపించాయంటే దాని పని అప్పటికే అయిపోయింది.

అసలు సంగతేంటంటే, అంతదాకా నెట్‌వర్క్ నడిపింది నెట్‌వర్క్ కార్డులోని ఫర్మ్‌వేర్ (కార్డులోనే ఉండే ప్రోగ్రామ్). కెర్నల్ లేచాక తన డ్రైవర్‌తో కార్డును మళ్లీ మొదటినుంచి లేపి, డీహెచ్‌సీపీని (ఐపీ అడ్రస్ ఇచ్చే సర్వర్‌ని) ఇంకోసారి అడగాలి, ఆ సందులో లింక్ ఒకసారి పడి లేస్తుంది. స్విచ్‌లో పాత రకం స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసే పద్ధతి) ఉంటే లిజనింగ్‌కి 15, లెర్నింగ్‌కి 15, వెరసి 30 సెకన్లు ఆ పోర్టు మీ ప్యాకెట్లను దాటనివ్వదు. లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, నేను మోసపోయింది అక్కడే.

ముందు కిక్‌స్టార్ట్ ఫైల్ ఉన్న వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ చూడండి. 404 (ఫైల్ దొరకలేదు) ఉంటే పాత్ తప్పు, ఐదు నిమిషాల పని. నా లాగ్‌లో అసలు రిక్వెస్టే లేదు, అంటే మెషీన్ నెట్‌వర్క్‌లోకే రాలేదన్నమాట. కాసేపటికి డ్రాకట్ షెల్‌లో పడేస్తుంది, అక్కడ ఐపీ అడ్రస్ వచ్చిందో లేదో చూసుకోవచ్చు.

సర్వర్లు తగిలించిన పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఆ 30 సెకన్ల ఆగడం లేకుండా చేసే సెట్టింగ్) పెట్టించగానే నాది కదిలింది (వేరే స్విచ్‌కి వెళ్లే పోర్టుకి మాత్రం పెట్టకండి, లూప్ పడితే నెట్‌వర్క్ మొత్తం పడుకుంటుంది). స్విచ్ మీ చేతిలో లేకపోతే బూట్ లైన్‌లో ఆర్‌డీ.నెట్.డీహెచ్‌సీపీ.రీట్రై విలువ 5 ఇవ్వండి, డిఫాల్ట్‌గా ఒక్కసారే అడిగి వదిలేస్తుంది.

రెండు మూడు కార్డులున్న మెషీన్ అయితే ఇంకో తలనొప్పి: బూట్ అయింది ఒక కార్డు నుంచి, కెర్నల్ ఎదురుచూసేది ఇంకో కార్డు మీద. పీఎక్స్‌ఈలైనక్స్ (నెట్‌వర్క్ బూట్ లోడర్) వాడుతుంటే కాన్ఫిగ్‌లో ఐపీఅపెండ్ 2 అని ఒక లైన్ చేర్చండి, బూట్ అయిన కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు నంబర్) కెర్నల్‌కి అందుతుంది.

ఐపీ వచ్చాక కూడా ఆగితే, రన్ కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో ఆర్‌డీసాస్‌రిపోర్ట్ అనే బూట్ లాగ్ ఫైల్ ఉంటుంది, అందులో చివరి యాభై లైన్లు ఇక్కడ పెట్టండి, చూద్దాం. మెమరీ ఎంతుందో కూడా చెప్పండి, ఇన్‌స్టాలర్ ఇమేజ్ పట్టక ఆగిపోయిన చిన్న వర్చువల్ మెషీన్లనూ చూశాను.