పిల్లవాడి మనసుకు వైద్యం ఎవరి బాధ్యత?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. సంక్రాంతికి హాస్టల్ నుంచి వచ్చినప్పటి నుంచి నిద్రపోడు, అన్నం కెలికి లేచిపోతాడు. కాలేజీలో అడిగితే "అది మా పని కాదు" అన్నారు. దగ్గర్లోని సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యులు లేరు. ప్రైవేటులో చూపించే స్తోమత లేదు. ఇది గవర్నమెంటు చూడాల్సింది కాదా?
– ఒక తల్లి, అనకాపల్లి జిల్లా

జవాబు: చూడాల్సిందేనమ్మా. కానీ ముందు బాబు సంగతి. ఇవాళే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక సమస్యలకు సర్కారు నడిపే ఫోన్ సహాయ కేంద్రం. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. అవునంటే ఒంటరిగా వదలకుండా విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి.

ఇక మీ ప్రశ్న. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ పిల్లల మానసిక వైద్య సేవలను ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలంది. రసీదులు దాచి, కలెక్టరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.

కాలేజీ మాట కూడా చెల్లదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది, ఆపైన విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. ఒక బిడ్డ పోయాకగాని ఆ మాట రాలేదన్నదే నా బాధ. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరో కాగితం మీద అడగండి.