దర్శకుడు కావాలంటే ముందు ఏం రాయాలి?

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. అనురాగ్ కశ్యప్ లాగా నేర ప్రపంచం మీద సొంతంగా సినిమాలు తీస్తానని, డిగ్రీ మానేసి ముంబయి వెళ్తానని పట్టుబడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, డిగ్రీ మాననివ్వకండి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో గానీ దర్శకత్వం కోర్సులో చేరాలంటే డిగ్రీ ఉండాలి. కశ్యప్ కూడా ఢిల్లీ హన్స్‌రాజ్ కాలేజీలో జువాలజీ చదివాకే ముంబయి చేరారు.

అక్కడ ఆయనకు ముందుగా పేరు తెచ్చింది దర్శకత్వం కాదు, రచన. రామ్‌గోపాల్ వర్మ 1998లో తీసిన 'సత్య'కు సౌరభ్ శుక్లాతో కలిసి స్క్రిప్టు రాశారు. తర్వాత స్వయంగా తీసిన తొలి సినిమా 'పాంచ్' సెన్సారు చిక్కుల్లో పడి థియేటర్లకు రానేలేదు. 1993 ముంబయి పేలుళ్ల మీద తీసిన 'బ్లాక్ ఫ్రైడే' 2004లోనే సిద్ధమైనా, ఆ కేసులో తీర్పు వెలువడే దాకా విడుదల చేయవద్దని కోర్టు ఆపడంతో 2007లో గానీ ప్రేక్షకుల ముందుకు రాలేదు. ఆ ఎదురుచూపుల కాలమంతా ఆయన ఇతరుల సినిమాలకు రాస్తూనే ఉన్నారు. పైగా నేరకథలకు తరచుగా వచ్చే 'ఎ' సర్టిఫికెట్‌తో సినిమాను టీవీలో వేయడానికి వీలుండదు కనుక, నిర్మాతకు ఆ ఆదాయమూ తగ్గుతుంది. (ఈ లెక్క మీ బీకాం అబ్బాయికి త్వరగానే అర్థమవుతుంది.)

అయితే మీవాడు గమనించవలసిన మనిషి కశ్యప్ కంటే జీషాన్ ఖాద్రీ అని నా అభిప్రాయం. ధన్‌బాద్‌లోని వాసేపూర్‌లో పుట్టిన ఆ యువకుడు తన ఊరి బొగ్గు మాఫియా కథను కశ్యప్ దగ్గరికి తీసుకువెళ్లడం వల్లే 2012 నాటి 'గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్' పుట్టింది. మీ ఊరికి ఆనుకొని శేషాచలం ఉంది. 2015 ఏప్రిల్‌లో అక్కడ జరిగిన ఎన్‌కౌంటర్‌లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది మరణించారు. ఎర్రచందనం దుంగ నరికే కూలీకి, దాన్ని ఓడ ఎక్కించే వ్యాపారికి మధ్య ఎందరు మనుషులున్నారో ముంబయిలో కూర్చున్న రచయితకు తెలియదు, మీ అబ్బాయి తెలుసుకోగలడు. జిల్లా కోర్టుల తీర్పులు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని చదవమనండి, కోర్టు ఆవరణలో వకీళ్లతో, గుమాస్తాలతో మాట్లాడమనండి.

డిగ్రీ పూర్తయ్యేలోగా ఒక్క పూర్తి స్క్రిప్టు రాసి మీ చేతికి ఇమ్మనండి. ఇస్తే, పుణె ప్రవేశపరీక్ష ఫీజు మీరే కట్టండి.