తమ్ముడు జైల్లో ఉన్నాడు.. ‘ఇక నన్ను చూడ్డానికి రావొద్దు’ అంటున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. బెట్టింగ్ యాప్‌లలో పడి అప్పులపాలయ్యాడు. పనిచేసే ఫైనాన్స్ ఆఫీసులో వసూళ్ల డబ్బు వాడేసుకున్నాడని చీటింగ్ కేసు పెట్టారు. రెండు వారాల నుంచి రిమాండ్ మీద జిల్లా జైల్లో ఉన్నాడు. మొన్న బెయిల్ కొట్టేశారు. అరెస్టయ్యే రోజు వరకు రోజూ తాగేవాడు. డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రి పాలయ్యాడు. అప్పుడు ఇచ్చిన మందులు కొన్నాళ్లు వాడి మానేశాడు. నిన్న ములాఖత్‌కు వెళితే సరిగ్గా మాట్లాడలేదు. ‘ఇక రావొద్దక్కా, నాకోసం డబ్బులు తగలేయొద్దు, అమ్మను బాగా చూసుకో’ అన్నాడు. నిద్ర పట్టడం లేదట. నాకు చాలా భయంగా ఉంది. జైలు వాళ్లకు చెబితే వాడి మీద ఇంకో కేసు పెడతారని మా బాబాయి అంటున్నాడు. ఏం చేయాలి?
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. ఇది చదివిన రోజే జైలు సూపరింటెండెంట్‌కు, జైలు మెడికల్ ఆఫీసర్‌కు ఒక కాగితం రాసివ్వండి. గేటు దగ్గర వార్డర్‌కు నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చాలదు. డ్యూటీ మారగానే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

మీ తమ్ముడి సంగతులన్నీ మీకు తెలుసు. వాడిని రాత్రీ పగలూ కనిపెట్టి చూడగలిగినవాళ్లకు మాత్రం అవేవీ తెలియవు. జైలుకు తెచ్చిన రోజు డాక్టర్ పరీక్ష చేస్తారు. కానీ అప్పటికే అరెస్టు, స్టేషను, కోర్టు అయి, సిగ్గుతో తలెత్తలేని కుర్రాడు ‘ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి ప్రయత్నం చేశావా’ అని అడిగితే అవునంటాడా? చాలామంది లేదనే అంటారు. కాబట్టి ఆ సమాచారం మీరే మోసుకెళ్లాలి.

కాగితంలో బతిమాలుకోవడాలు వద్దు. విషయం సూటిగా రాయండి: ‘నా తమ్ముడు ఫలానా, రిమాండ్ ఖైదీ, నంబరు ఫలానా. ఫలానా సంవత్సరంలో ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రిలో చికిత్స పొందాడు. అప్పుడు ఇచ్చిన మందులు కొన్నాళ్లు వాడి మానేశాడు. అరెస్టు వరకు రోజూ మద్యం తాగేవాడు. ఫలానా తేదీన బెయిల్ తిరస్కరించారు. మరుసటి ములాఖత్‌లో ఇక రావొద్దని, అమ్మను చూసుకోమని అన్నాడు. నిద్ర లేదు. వెంటనే సైకియాట్రిస్ట్‌కు చూపించాలని, అప్పటిదాకా ఒంటరిగా ఉంచకుండా గమనిస్తూ ఉండాలని కోరుతున్నాను.’ పాత ప్రిస్క్రిప్షన్, డిశ్చార్జ్ కాగితం ఉంటే జిరాక్స్ జత చేయండి. ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి. ఒక కాపీ మీ లాయర్‌కు ఇవ్వండి. అవసరమైతే ఆయన కోర్టులో పిటిషన్ వేసి, చికిత్స చేయించమని జైలుకు ఆదేశం తెప్పించగలడు. లాయర్ ఫీజుకు ఇబ్బందైతే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ ఉచిత సాయానికి దారి చూపిస్తుంది.

మీ బాబాయిగారి భయం ఒకప్పటి చట్టాన్ని బట్టి వచ్చింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వైద్యం చేయించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడేందుకు బెదిరింపుగా అలా చేస్తే మాత్రం 226 సెక్షన్ ఉంది. మీ తమ్ముడి సంగతికీ దానికీ సంబంధం లేదు. పైగా మీరు చెప్పబోయేది వాడి ఆరోగ్యం గురించి. దానికి ఏ కేసూ ఉండదు.

ఇంత తొందర ఎందుకంటే, మీ ఉత్తరంలో ప్రమాదాన్ని పెంచే విషయాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. గతంలో ఒకసారి ప్రయత్నించి ఉండటం వాటన్నిటిలోకీ బరువైనది. జైలుకు కొత్త కావడం, బెయిల్ పోవడం, తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడం, ‘నేను మీకు భారం’ అనే ధోరణి దానికి తోడయ్యాయి. జైల్లో మొదటి గంటలు, మొదటి వారాలు అన్నిటికన్నా గడ్డు కాలం. రోజూ తాగేవాళ్లకు మందు ఆగిన రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, ఏదేదో కనిపిస్తోందనడం రావచ్చు. అది ఎమర్జెన్సీ. మీవాడికి ఆ గండం గడిచినట్టే ఉంది గానీ, నిద్రలేమి, దిగులు వారాల తరబడి మిగిలిపోతాయి. జైలుకు వెళ్లాడుగా, ఆ దిగులు మామూలేలే అని వదిలేయకూడదు.

ఇక ములాఖత్ సంగతి. ఆ మాట ఎత్తితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందని మీరు అడిగి ఉండరు. అది అపోహ. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా రాదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట దొరుకుతుంది. అద్దానికి అటూ ఇటూ ఫోన్లు పట్టుకుని, పక్కన పది మంది అరుస్తుంటే డొంకతిరుగుడు లేకుండా అడగాలి: ‘ఒరేయ్, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ‘అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా’ అని అసలే అనొద్దు. భారమైపోయానని కుమిలిపోతున్నవాడికి అది ఇంకో బరువు. ‘చెప్పావు, మంచి పని చేశావు. డాక్టర్‌కు చెప్పే వెళతాను. మళ్లీ ఫలానా రోజు వస్తా’ అనండి. ఎవరికీ చెప్పొద్దని వాడు అడిగినా మాటివ్వకండి. అక్కడి నుంచి కదలకముందే సూపరింటెండెంట్‌నో, డ్యూటీలో ఉన్న జైలర్‌నో కలవండి. మీకు దూరమైతే ఈ-ములాఖత్ ద్వారా వీడియోలో మాట్లాడే వీలుంది, జైల్లో అడిగి పేరు నమోదు చేయించుకోండి.

‘రావొద్దు’ అన్నాడు కదా అని మానేయకండి. అన్న తేదీకి కచ్చితంగా వెళ్లండి. వచ్చే వారం బయటికొచ్చేస్తావని ధైర్యం చెప్పడం కూడా వద్దు. అది జరగకపోతే ఆ వారమే గండమవుతుంది. హైకోర్టులో వేశాం, ఫలానా తేదీకి వస్తుంది, అప్పటిదాకా ఇలా చేద్దాం అని ఉన్నదున్నట్టు చెప్పండి. కోర్టు వాయిదా ఉన్న రోజుల్లో, ఇంటి నుంచి చెడు కబురు చెప్పాల్సి వచ్చినప్పుడు ముందే మెడికల్ ఆఫీసర్‌కు తెలియజేయండి.

ప్రమాదంలో ఉన్న ఖైదీని తీసుకెళ్లి ఒంటరి సెల్‌లో పెట్టడం కొన్ని చోట్ల జాగ్రత్త చర్యగా చెలామణీ అవుతోంది. నా దృష్టిలో అది వైద్యం కాదు, భయపడిన అధికారి చేతులు దులుపుకోవడం. ఒంటరితనం ప్రమాదాన్ని పెంచుతుంది. నలుగురున్న బ్యారక్‌లో, నమ్మకస్తుడైన తోటి ఖైదీ పక్కన, సిబ్బంది తరచూ చూస్తూ ఉండటం మేలు. జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా 2023 జూన్‌లో జైళ్లకు ఇచ్చిన సూచనల్లో సిబ్బందికి శిక్షణ, ఎంపిక చేసిన ఖైదీలకు తోటివారిలో ప్రమాదాన్ని గుర్తించే శిక్షణ, కుటుంబంతో ఫోన్ సంబంధం ఉండాలని చెప్పింది. మీ కాగితంలో ఈ సంగతి ప్రస్తావిస్తే తప్పేమీ లేదు.

ఇది మీ ఒక్క ఇంటి కష్టం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022లో దేశంలోని జైళ్లలో జరిగిన 159 అసహజ మరణాల్లో 119 ఆత్మహత్యలే. ఆ ఏడాది చివరికి ఉన్న 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణలో ఉన్నవాళ్లే, అంటే శిక్ష ఇంకా పడనివాళ్లు. నేరం రుజువు కాకముందే ఆ గోడల మధ్య ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నవాళ్ల గురించి పేపర్లో రెండు లైన్లే వస్తాయి.

మందుల విషయం. మీరు కొని నేరుగా లోపలికి పంపడం కుదరదు. జైలు డాక్టర్ ద్వారానే వెళ్లాలి. పాత చీటీ చూపించి అవే మాత్రలు మళ్లీ మొదలుపెట్టమని పట్టుబట్టకండి, ఏది ఎంత మోతాదులో ఇవ్వాలో చూసిన సైకియాట్రిస్ట్ నిర్ణయిస్తారు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో, ముఖ్యంగా పాతికేళ్లలోపు వాళ్లలో, కొందరికి కంగారు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువయ్యే అవకాశం ఉంది. మీవాడు ఆ వయసు ఇప్పుడే దాటాడు కాబట్టి మందు మొదలైన రోజుల్లో నిఘా ఇంకాస్త పెరగాలి.

బెయిల్ వచ్చిందంటే గండం గడిచినట్టు కాదు. బయటికొచ్చిన మొదటి వారాలు కూడా ప్రమాదకరమే. అప్పులవాళ్ల ఫోన్లు, ఊళ్లో మాటలు, మళ్లీ తాగుడు, మళ్లీ ఆ యాప్‌లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. విడుదల రోజు జైలు గేటు దగ్గర ఎవరు ఉంటారో ముందే అనుకోండి. జైల్లో ఇచ్చిన మందుల చీటీ అడిగి తీసుకోండి. ఆ వారంలోనే మీ జిల్లా ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వాడు రాకముందే తీసేయండి.

మీ అమ్మగారికి ఇవన్నీ ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం. మీకు ఈ భయంతో నిద్ర పట్టకపోయినా, ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. ఈ కాగితం రేపటికి వాయిదా వేయకండి. ఇవాళే సూపరింటెండెంట్ దొరక్కపోతే అక్కడ డ్యూటీలో ఉన్న అధికారికి ఇచ్చి స్టాంపు వేయించుకోండి.