బకెట్లో ఉన్న అరగంట

నాయనా,

నీ కథ మొన్న అందింది. రెండుసార్లు చదివాను. కర్నూలులో ఒక ఇంటి కారు షెడ్డు నేలకు ఎపాక్సీ (రెండు మందులు కలిపి పూస్తే గట్టిపడే పూత) వేసే మామ, ఆయనకు సాయంగా వెళ్ళిన మేనల్లుడు. వీళ్ళిద్దరినీ కథలోకి తెచ్చినందుకు ముందుగా నా సంతోషం చెప్పుకోవాలి. నాగలి పట్టిన చేతుల గురించి మన సీమ కథల్లో చాలా చదివాం. రోలర్ పట్టిన చేతుల గురించి చదివింది తక్కువ. ఈ కథ సగంలో ఆగిపోకూడదనే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

మూడో పేజీలో ఒక వాక్యం రాశావు: "నేలంతా శుభ్రం చేసి మామ మందు కలపసాగాడు." అసలు కథంతా ఆ "శుభ్రం చేసి"లో పడి మాయమైంది. ఆ రెండు మాటల వెనక రెండు రోజుల పని ఉంది.

ఆ పని విలువ నాకు నా ఇంట్లోనే తెలిసింది. ఇక్కడ కడపలో మా షెడ్డుకు ఎపాక్సీ వేయించాను. వచ్చినవాళ్ళు పొద్దున నీళ్ళు కొట్టి కడిగారు, మధ్యాహ్నానికి ఆరిందన్నారు, సాయంత్రానికి ఎపాక్సీ కోటు వేసి వెళ్ళిపోయారు. నేల అద్దంలా మెరిసింది. రెండు నెలలు గడిచాక, మే నెల ఎండలో ప్రొద్దుటూరు నుంచి వచ్చి కారు పెట్టాను. మర్నాడు బయటికి తీస్తే అరచేయంత పెచ్చు టైరుకు అతుక్కుని లేచొచ్చింది. దాన్ని ఊడదీసి తిప్పి చూశాను. పైన నున్నటి బూడిద రంగు. వెనక వేలితో రాస్తే సిమెంటు పొడి. ఎపాక్సీ తన పట్టు వదల్లేదు నాయనా, అది పట్టుకున్న పొరే నేలను వదిలేసింది. గచ్చు నున్నగా రావాలని తాపీతో రుద్దే కొద్దీ సిమెంటు పాలు పైకి తేలి, బలం లేని పలచటి పొరగా ఆరిపోతాయి. గ్రైండింగ్ మిషన్ పెట్టి ఆ పొరను తీసేయాలి. చెయ్యి పెట్టి చూస్తే ఉప్పు కాగితంలా గరుగ్గా తగలాలి. ఆ తర్వాతే కోటు.

నీ మేనల్లుణ్ణి ఆ దుమ్ములో నిలబెట్టు. మూతికి కట్టుకున్న తువ్వాలు ఏ రంగుకు తిరిగిందో చెప్పు. మామ గచ్చు మీద నాలుగు నీటి చుక్కలు చల్లి వంగి చూస్తాడు. చుక్క ఇంకి మచ్చ నల్లబడితే ఫరవాలేదు. ముత్యంలా నిలబడితే అక్కడ ఇంజనాయిల్ దిగి ఉంది, మళ్ళీ కడగాలి. రాత్రి ఇంటికెళ్ళే ముందు మూరెడు చదరం ప్లాస్టిక్ పట్టా పరిచి నాలుగు వైపులా టేపు అంటిస్తాడు. మర్నాడు దాన్ని లేపితే కింద చెమ్మ పట్టి ఉంటే పని ఆగిపోతుంది, ఆ రోజు కూలీ కూడా ఆగిపోతుంది. ఆ పట్టా లేపే క్షణంలో మామ ముఖం ఎలా ఉంటుందో నాకు చదవాలని ఉంది.

ఇంకో చోట ఒక పొరపాటుంది. మందు కలిపి, బకెట్ పక్కన పెట్టి, ఇద్దరూ టీకి వెళ్ళారని రాశావు. అలా వెళ్ళరు. ఆ రెండు మందుల్లో ఒకటి రెజిన్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్; రెజిన్‌లో హార్డెనర్ కలిపిన నిమిషం నుంచే లోపల వేడి పుడుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంటో నలభై నిమిషాలో బిగుసుకోకుండా ఆగే మందు, మన ఏప్రిల్ ఎండకు అందులో సగం సేపు కూడా ఆగకపోవచ్చు. బకెట్లో ముద్దగా ఉంటే ఇంకా తొందరగా బిగుసుకుంటుంది. నేల మీద పోసి పరిచేస్తే వేడి బయటికి పోయి కాస్త వ్యవధి దొరుకుతుంది. టీ తాగి వచ్చేసరికి బకెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతూ, రోలర్ రాయిలో దిగినట్టు నిలబడి ఉంటుంది. ఐదో పేజీలో టెన్షన్ కోసం ఇంటాయనతో గొడవ పెట్టించావు. అది తీసెయ్. నీకు కావలసిన టెన్షన్ ఆ బకెట్లోనే ఉంది.

పని మిట్టమధ్యాహ్నం మొదలైందని కూడా రాశావు. గచ్చు వేడెక్కేటప్పుడు లోపలి గాలి పైకి తన్ని, పచ్చి కోటులో బుడగలు లేస్తాయి. అవి పగిలిన చోట సూదిబెజ్జాలు మిగులుతాయి. అందుకే తెలిసిన పనివాడు పొద్దు వాలాక, నేల చల్లబడుతున్నప్పుడు కోటు మొదలుపెడతాడు. సాయంత్రమైతే నీ కథకు వెలుతురు కూడా బాగా కుదురుతుంది.

నేల బేతంచర్ల బండలు పరిచినదని రాశావు. మన వైపు చాలా షెడ్లు అలాంటివే, కానీ నున్నటి బండల మీద ఈ పని చేయమంటే మీ మామ ముందు వద్దంటాడు. సందుల దగ్గర కదిలి కోటు పగులుతుంది. నేలనైనా సిమెంటు గచ్చుగా మార్చు, లేదా ఆ "వద్దు"నే ఒక సన్నివేశం చెయ్యి.

భాష గురించి ఒకే మాట. "ఉపరితలాన్ని సంసిద్ధం చేయుట" అని ఏ పనివాడూ అనడు. గ్రైండింగ్, కోటు, హార్డెనర్, గచ్చు అంటాడు. ఆయన నోట్లోంచి వచ్చినట్టే రాయి, పాఠకుడికి అర్థమవుతుంది.

డిసెంబరులో మా షెడ్డు గ్రైండింగ్ పెట్టించి మళ్ళీ చేయిస్తున్నాను. పొద్దున్నే కర్నూల్లో బస్సెక్కితే నంద్యాల, మైదుకూరు మీదుగా మధ్యాహ్నానికి వచ్చేస్తావు. రెండు రాత్రులు ఉండేట్టు రా. పాత బట్టలు, పాత చెప్పులు తెచ్చుకో. పట్టా నీ చేత్తోనే లేపుదువుగాని.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన, కడప