పేస్‌మేకర్ ఉన్న నాన్నగారిని రాయగడ నుంచి తిరుపతికి తీసుకువెళ్ళవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాన్నగారికి డెబ్బై దాటాయి. రెండు నెలల కిందట విశాఖపట్నంలో పేస్‌మేకర్ (గుండె కొట్టుకునే వేగం పడిపోకుండా చూసే చిన్న మిషను) అమర్చారు. రాయగడలో రైలెక్కి తిరుపతి వెళ్ళాలని, దర్శనం అయ్యాక రేణిగుంటలో విమానమెక్కి హైదరాబాద్‌లోని మీ అక్కగారింటికి చేరాలని ఆయన పట్టు. ఇరుగుపొరుగు మాత్రం "రైలు పైన కరెంటు తీగ ఉంటుంది, బ్యాటరీ కొట్టేస్తుంది", "విమానాశ్రయంలో గేటు దాటితే గుండె ఆగుతుంది" అంటున్నారు.

గాయం మానిందని, మిషను సరిగా పనిచేస్తోందని చివరి పరీక్షలో డాక్టరు చెప్పి ఉంటే నిశ్చింతగా తీసుకువెళ్ళండి. నేను ఇక్కడి కాగితం మిల్లులో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా ఎడమ భుజం కింద కూడా ఆ మిషను ఉంది. దాన్ని పెట్టుకునే విశాఖకు, కోరాపుట్‌కు, తిరుపతికి తిరుగుతున్నాను. కాబట్టి కరెంటు గురించి ఇరుగుపొరుగు కంటే నాలుగు ముక్కలు ఎక్కువే చెప్పగలను.

రైలు పైనున్న తీగలో 25,000 వోల్టులు ఉంటాయి, నిజమే. కానీ ప్రయాణికుడు కూర్చునేది లోహపు పెట్టె లోపల, ఆ తీగకు తగినంత దూరంలో. పేస్‌మేకర్ కూడా టైటానియం తొడుగులో ఉంటుంది, బయటి విద్యుత్ గోలను వడకట్టే ఏర్పాటు దానిలోనే ఉంది. రోజూ రైళ్ళలో ఎంతమంది పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు తిరుగుతున్నారో మన పక్కింటివాళ్ళకు తెలియదు, అంతే. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి: నడుస్తున్న కారు ఇంజను మీదికి వంగి చూడడం, ఆర్క్ వెల్డింగ్ జరుగుతున్నచోట పక్కన నిలబడడం, జాతరల్లో పెద్ద జనరేటరుకో నిలువెత్తు స్పీకరుకో ఆనుకుని కూర్చోవడం. స్పీకర్లలో బలమైన అయస్కాంతాలుంటాయి. అయస్కాంతం మరీ దగ్గరికి వస్తే పేస్‌మేకర్ ఆగిపోదు, గుండె సొంత లయను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టడం మొదలుపెడుతుంది. దూరం జరిగితే తన పద్ధతికి తాను వస్తుంది. అయితే ఒక్క మాట. నాన్నగారి కార్డు మీద పేస్‌మేకర్ అని కాక ఐసీడీ అని ఉంటే, అది షాక్ ఇచ్చే మిషను. దాని లెక్క వేరు. అప్పుడు నా మాటలు పక్కన పెట్టి డాక్టరునే అడగండి.

ఇక ఆ కార్డు సంగతి. ఆసుపత్రిలో ఇచ్చే చిన్న కార్డు మీద మిషను కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, అమర్చిన తేదీ ఉంటాయి. మన ప్రాంతంవాళ్ళకు దీని విలువ ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే మనం ఒడిశాలో ఉంటాం, వైద్యం ఆంధ్రలో చేయించుకుంటాం. దారిలో ఏదైనా అయితే చూసే డాక్టరుకు పాత కాగితాలేవీ అందవు. పైగా మిషనును పరీక్షించే యంత్రం ఏ కంపెనీది ఆ కంపెనీకే పనిచేస్తుంది. మెడ్‌ట్రానిక్ వాళ్ళ యంత్రం అబాట్ పేస్‌మేకర్‌ను చదవలేదు. కంపెనీ పేరు తెలియకపోతే ఎంత పెద్ద ఆసుపత్రికి వెళ్ళినా ముందు ఆ పేరు వెతకడంతోనే పొద్దుపోతుంది. అందుకే కార్డును, డిశ్చార్జి కాగితం నకలును ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆయన జేబులోనే ఉంచండి. ఫోనులో ఫోటో ఉంది కదా అని ఊరుకోవద్దు. తిరుమలలో గుడిలోకి ఫోను రానివ్వరు, ముందే అప్పగించాలి. దానితోపాటు ఆ ఫోటో కూడా లాకరులోకి పోతుంది.

ఫోను అన్నాను కాబట్టి చెబుతున్నాను. మన చొక్కాలకు జేబు ఉండేది ఎడమవైపే, పేస్‌మేకర్ ఎక్కువగా అమర్చేదీ ఎడమవైపే. ఫోనును దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమంటారు. కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడమనండి. అయస్కాంతంతో మూసుకునే ఫోను కవరు ఉంటే తీసేయండి. నేనైతే దర్జీకి చెప్పి చొక్కాలన్నింటికీ జేబు కుడివైపు కుట్టించుకున్నాను. మొదట్లో అందరూ వింతగా చూసేవారు.

బిలాస్‌పూర్ తిరుపతి ఎక్స్‌ప్రెస్ మన రాయగడ మీదుగానే పోతుంది, బండి మారే బాధ లేదు. ఆయన వయసుకు కింది బెర్తు కోటా ఉంది, టికెట్టు తీసేటప్పుడే అడగండి. అమర్చిన కొత్తలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆ వైపు చేతిని భుజం కంటే పైకి ఎత్తవద్దంటారు, మిషను నుంచి గుండెలోకి వెళ్ళే తీగలు కుదురుకోవాలి. ఆ గడువు దాటినా పెట్టెలు ఎత్తి పైన పెట్టడం, మధ్య బెర్తు గొలుసు లాగడం మీరే చేయండి. సంచి పట్టీ కూడా కుడి భుజానికే వేయండి. మాత్రలు ఆ చేతిసంచిలో ఉండాలి, సీటు కింది సూట్‌కేసులో కాదు.

స్టేషనుకు కారులో తీసుకువెళ్తే ఆయన్ను ముందు సీటులో కూర్చోబెట్టడం మర్యాద అనుకుంటాం. మన కార్లలో ఆ సీటు బెల్టు ఎడమ భుజం మీదుగా దిగుతుంది, సరిగ్గా మిషను మీద. వెనుక కుడివైపు కూర్చుంటే బెల్టు కుడి భుజం మీద పడుతుంది. ముందే కూర్చుంటానంటే బెల్టు కింద మెత్తటి తువ్వాలు మడిచి పెట్టండి. బెల్టు మానేయడం మాత్రం వద్దు.

రోడ్డు ప్రయాణంలో ఇంకొకటి చూసి భయపడకండి. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్ళే ఘాట్ దారిలో, జీపులో ఊరికే కూర్చున్నవాణ్ణి నాడి చూసుకుంటే తొంభై దాటి కొట్టింది. గుంతలు దాటి తారు నున్నగా వచ్చాక దానంతటదే తగ్గింది. తర్వాత పరీక్షకు వెళ్ళినప్పుడు టెక్నీషియన్ నవ్వి చెప్పాడు: కొన్ని పేస్‌మేకర్లలో కదలికను పసిగట్టే సెన్సరు ఉంటుంది, మనిషి నడిస్తే వేగం పెంచుతుంది. జీపు కుదుపులను అది నా నడక అనుకుంది. పాపం, దాని డ్యూటీ అది చేసింది.

తిరుపతిలో కొండ ఎక్కేముందు అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది, పైన క్యూలో కూడా ఉంటుంది. గేటులాంటి మెటల్ డిటెక్టరును మామూలుగా నడిచి దాటవచ్చు, దాని కింద ఆగకూడదు, ఆనుకోకూడదు. జనం వెనక్కి నెట్టి గేటులోనే ఇరుక్కునేలా ఉంటే పక్కకు వచ్చి, రద్దీ పలచబడ్డాక వెళ్ళండి. మెట్ల దారి ఈసారికి వద్దు.

విమానాశ్రయంలో సీఐఎస్ఎఫ్ జవానుకు కార్డు ముందే చూపించి "మేరే సీనే మే పేస్‌మేకర్ హై" అని నాన్నగారి చేతనే చెప్పించండి. చేతితో తిప్పే డిటెక్టరును ఛాతీ మీద ఆపి ఉంచకుండా, చేతులతో తడిమి చూడమని అడగండి. ఇది వాళ్ళకు కొత్త కాదు. గేటు మోగినా కంగారు పడనక్కరలేదు, మోగినది లోహాన్ని చూసి. విమానం లోపల ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు.

ఇరుగుపొరుగు ఇంకా వదలకపోతే ఆర్నే లార్సన్ సంగతి చెప్పండి. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ప్రపంచంలోనే మొదటిసారి శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చింది ఆయనకే. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత ఇరవైకి పైగా మార్పించుకుంటూ 2001 దాకా బతికాడు. ఎనభై ఆరో ఏట పోయినప్పుడు కూడా కారణం గుండె కాదు, క్యాన్సరు.

బయలుదేరే ముందు డిశ్చార్జి కాగితంలో మిషనుకు పెట్టిన కనీస వేగం ఎంతో చూడండి, చాలామందికి 60 ఉంటుంది. రోజూ ఉదయం ఆయన లేచి కాసేపు కూర్చున్నాక మణికట్టు పట్టుకుని ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. దానికంటే బాగా తక్కువ వస్తే విశాఖ ఆసుపత్రికి ఫోను చేయండి. కళ్ళు తిరిగి పడిపోవడం, మిషను ఉన్నచోట వాపు, ఎరుపు, చీము, ఆగని ఎక్కిళ్ళు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఊరు చేరాక చూద్దామనుకోవద్దు. రైల్లో ఉంటే 139కి, బయట ఉంటే 108కి ఫోను చేయండి. దారిలో విశాఖ, విజయవాడల్లో, తిరుపతిలోనైతే స్విమ్స్ ఆసుపత్రిలో గుండె వైద్యులు ఉంటారు. ఎక్కడ ఎవరైనా ఎమ్మారై తీయాలంటే మాత్రం ముందు ఆ కార్డు చూపించండి. అన్ని పేస్‌మేకర్లకూ అది పడదు.