తొమ్మిదేళ్ళ బాబుని సిరొంచా దగ్గర డైనోసార్ శిలాజాలు చూపించడానికి తీసుకెళ్ళొచ్చా?

బల్లార్షా నుంచి ఉగాదికి సిరొంచాలో మీ పుట్టింటికి వస్తున్నామని, బాబుకి డైనోసార్లంటే ప్రాణమని, అక్కడి వడధం ఫాసిల్ (శిలాజాల) పార్కుకి తీసుకెళ్తే ఏమైనా నేర్చుకుంటాడా లేక కదిలే బొమ్మలు లేవని డీలా పడిపోతాడా అని అడిగారు. నేను మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని ఈ సిరొంచా తాలూకాలోనే ఒక బడిలో పద్నాలుగేళ్ళుగా సైన్సు చెబుతున్నాను. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం మొదలు ఉగాది వరకు మా పిల్లలకి ఇదే పండగ. ఒక గది ఖాళీ చేసి చిన్న మ్యూజియంలా సర్దుతాం, ఒక రోజు అందరం కలిసి శిలాజాల దగ్గరికి వెళ్తాం. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

తప్పకుండా తీసుకెళ్ళండి. కాకపోతే రెండు రోజుల ముందు నుంచే ఇంట్లో ఆ ముచ్చట మొదలుపెట్టండి. ఏమీ చెప్పకుండా తీసుకెళ్తే మీరు భయపడుతున్నదే జరుగుతుంది. నా మొదటి ఏడాది అదే జరిగింది. ఇరవై మంది పిల్లలు రాక్షసబల్లులు కనిపిస్తాయని రాత్రంతా నిద్రపోకుండా వచ్చారు. తీరా చూస్తే నేల మీద రాయిగా మారిన చెట్ల మొదళ్ళు. "ఇవి రాళ్ళే కదా సర్" అని ఒకడు అన్నాడు. పది నిమిషాల్లో అందరూ చెట్టు నీడకి చేరి టిఫిన్ డబ్బాలు విప్పారు. తప్పు వాళ్ళది కాదు, ఆ రాళ్ళని ఎలా చూడాలో నేను ముందు చెప్పలేదు.

ఎలా చెప్పాలో నాకు 2022 వరద నేర్పింది. ఆ జూలైలో గోదావరి, ప్రాణహిత ఒక్కసారే పొంగి మా తాలూకా ఊళ్ళని ముంచిన సంగతి మీ పుట్టింటివాళ్ళకి తెలిసే ఉంటుంది. నీళ్ళు తీశాక ఇళ్ళలో జానెడు ఒండ్రు. పొలాల్లో ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద మానులు. తర్వాతి ఫాల్గుణంలో క్లాసులో పోచంపల్లి ఎముకల సంగతి చెబుతున్నాను. (ఇది చీరల పోచంపల్లి కాదు, మన సిరొంచా దగ్గరిది.) అక్కడ చాలా డైనోసార్ల ఎముకలు ఒకే చోట, పెద్ద చెట్ల మొదళ్ళతో కలిసి దొరికాయని, ఒక మందకి మందే వరదలో కొట్టుకొచ్చి ఉంటుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారని చెప్పాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మా చేలో కూడా అట్లనే సర్. మాను అడ్డం పడ్డది. దానికి ఆనుకుని బర్రె చచ్చి ఉన్నది. సగం మట్టిల కూరుకుపోయింది" అంది.

క్లాసంతా గప్‌చుప్. ఆ ఏడాది వడధంలో ఏ పిల్లాడూ నీడకి పోలేదు. ఒక్కో మొద్దు దగ్గర కూర్చుని, ఇది ఏ వైపు నుంచి కొట్టుకొచ్చి ఉంటుంది, కొమ్మలు ఏమయ్యాయి అని వాదించుకున్నారు.

మీ బాబుకి కూడా ముందు నది చూపించండి. ఉగాది నాటికి ప్రాణహితలో నీళ్ళు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. ఒడ్డు కోసుకుపోయిన చోట నిలబెడితే పొరలు కనిపిస్తాయి. ఒక వరస ఇసుక, దాని మీద సన్న బురద, మళ్ళీ ఇసుక. ఎన్ని పొరలున్నాయో వేలు పెట్టి లెక్కబెట్టమనండి. ఆ తర్వాత శిలాజం చూస్తే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇసుక, బురద కింద గాలి ఆడకుండా పూడిపోయిన చెట్టు తొందరగా కుళ్ళదు. నేలలో ఊరే నీళ్ళలో కరిగి ఉన్న సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) దాని సన్న సన్న గదుల్లోకి చేరి గట్టిపడుతుంది. కలప పోయినా గీతలు, ఆకారం రాయిలో ఉండిపోతాయి. ఎముకకీ ఇంచుమించు ఇదే కథ.

ఇక డైనోసార్ సంగతి. మీ వాడికి టీవీలో చూసిన పేర్లన్నీ వచ్చే ఉంటాయి. మన పేర్లు మాత్రం రావు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ 1950ల చివర్లో పమేలా రాబిన్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తని పిలిపించి ఆ సంస్థలో శిలాజాల పరిశోధన మొదలుపెట్టించారు. వాళ్ళు ఈ గోదావరి లోయకి వచ్చారు. 1958లో మొదటి ఎముకలు, 1960, 1961లో మిగతావి ఎక్కువగా దొరికాయి. ఇందాక చెప్పిన పోచంపల్లి ఎముకలు ఇవే. అన్నీ కలిపి సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. ఒక తొడ ఎముక 1.7 మీటర్లకి పైనే ఉంది. బెంగాలీలో "బడొ పా" అంటే పెద్ద కాలు. అలా బరపాసారస్ అయింది. 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి పూర్తి పేరు బరపాసారస్ టాగోరై. 1975లో ఆ పేరుతో లోకానికి పరిచయం చేశారు. ఇప్పుడది కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

నది అవతల, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళకి ఇంకొకటి దొరికింది, కోటాసారస్ యామనపల్లియెన్సిస్. పొడవు సుమారు 9 మీటర్లు. దాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. ఎప్పుడైనా హైదరాబాద్ వెళ్తే తప్పక చూపించండి. "కోటా" అన్నది సిరొంచా దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరి పేరు. ఆ ఊరి పేరు మీదే ఇక్కడి రాతి పొరలని ప్రపంచమంతా కోటా ఫార్మేషన్ అంటుంది. అక్కడి సున్నపురాయిలో చేపల శిలాజాలు 1850ల నాటికే బయటపడ్డాయి. డైనోసార్ల కాలంలోనే బతికిన చిన్న పాలిచ్చే జంతువుల పళ్ళు కూడా ఈ పొరల్లో దొరికాయి. వాటిలో ఒకదానికి ఇండోథీరియం ప్రాణహితాయి అని పేరు పెట్టారు. మన నది పేరు! ఇది చెప్పిన రోజు మా పిల్లల మొహాలు చూడాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. ఆ కాలంలో మన దేశపు నేల ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో ఒకే గడ్డగా ఉండేది. దాన్ని గోండ్వానా అంటారు. 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్తలు గోండుల నేల పేరు మీద పెట్టిన పేరు అది. మా క్లాసులో సగం మంది గోండు, మాడియా పిల్లలు. మరాఠీలో పాఠం, తెలుగులో ఆట, ఇంట్లో గోండి. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివినా మీ పేరు పలకాల్సిందేరా అని చెప్పినప్పుడు వాళ్ళు నిటారుగా కూర్చుంటారు.

ఇంట్లో చేయడానికి మూడు పనులు చెబుతాను. మా బడి మ్యూజియంలో ప్రతి ఏడాదీ చేసేవే.

మొదటిది తాడు. 18 మీటర్ల నూలు తాడు వాకిట్లో పరచండి. ఒక మీటరంటే కోటి ఏళ్ళు, ఒక సెంటీమీటరంటే లక్ష ఏళ్ళు. ఒక కొస ఈ రోజు, రెండో కొస ఇంచుమించు బరపాసారస్ కాలం. ఈ రోజు నుంచి 6.6 మీటర్ల దగ్గర ఎర్ర గుడ్డ కట్టండి. పెద్ద డైనోసార్లు అంతమైంది అక్కడ. మనలాంటి మనుషుల మొత్తం చరిత్ర చివరి మూడు సెంటీమీటర్లు. మీ వాడు టీ-రెక్స్‌కీ బరపాసారస్‌కీ యుద్ధమైతే ఎవరు గెలుస్తారని తప్పకుండా అడుగుతాడు. మా వాళ్ళు ఏటా అడుగుతారు. టీ-రెక్స్ ఆ ఎర్ర గుడ్డ పక్కనే ఉంటుంది. ఇద్దరి మధ్యా పదకొండు మీటర్లకి పైగా తాడు. టీ-రెక్స్ బరపాసారస్ కంటే మనకే దగ్గర. ఈ మాట నోటితో చెబితే పిల్లలు నమ్మరు, తాడు మీద నడిస్తే నమ్ముతారు.

రెండోది సుద్దముక్కతో. గచ్చు మీద 1.7 మీటర్ల ఎముక గీసి బాబుని పక్కన పడుకోబెట్టండి. వాడి తల ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టండి. మొత్తం జంతువు 14 మీటర్లు ఉండొచ్చని అంచనా. అది గీయడానికి మాకు బడి వరండా కూడా చాలలేదు.

మూడోది అచ్చు. నది నుంచి జిగురు ఒండ్రు తెచ్చి రొట్టె పిండిలా పిసకండి. నీళ్ళు ఎక్కువైతే పగుళ్ళిస్తుంది. రావి ఆకు ఈనెలు కిందికి ఉండేలా అద్ది, మెల్లగా తీసేయండి. చుట్టూ మట్టితో గట్టు కట్టి, రెండు పాళ్ళ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి ఒక పాలు నీళ్ళు కలిపి పోయండి. గట్టిపడేటప్పుడు చేతికి వెచ్చగా తగులుతుంది, ఆ వేడి పిల్లల చేత ముట్టించండి. అరగంట ఆగి మట్టి కడిగితే ఒక్కో ఈనె లేచి కనిపిస్తుంది. ఆకు లేదు, ఆకు గుర్తు ఉంది. శిలాజం అన్న మాట అప్పుడు వాడికి అర్థమవుతుంది.

చిన్న పార్కు అని తక్కువ చేయకండి. నగరాల్లో పెద్ద మ్యూజియంలకి పిల్లలతో వెళ్ళాను. అక్కడ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగే సరిపోతుంది. ఇక్కడ ఒక్క మొద్దు దగ్గర అరగంట కూర్చోవచ్చు. ఎవరూ తొందరపెట్టరు. పైగా అది దొరికిన నేల మీదే చూస్తాం. అసలైన పెద్ద ఎముకలు కోల్‌కతా, హైదరాబాద్ చేరాయని మాత్రం ముందే చెప్పండి. మన ఎముకలు అక్కడికెందుకు పోయాయి అని అడుగుతాడు, అడగనివ్వండి. శుభ్రం చేయడానికి, అతికించడానికి, ఏళ్ళ తరబడి చదవడానికి చోటూ మనుషులూ కావాలి కదా. అయినా ఇక్కడ కూడా కనీసం నమూనా అస్థిపంజరం ఒకటి నిలబెడితే బాగుండునని నాకు ఎప్పుడూ ఉంటుంది.

ఎండ గురించి చెప్పాలి. మా వైపు ఉగాది దాటితే పది గంటలకే రాళ్ళు కాలుతాయి. ఇంట్లో ఆరింటికల్లా బయల్దేరి పదిలోపు తిరుగు ముఖం పట్టండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, కాళ్ళకి బూట్లు. ఆకు రాలిన అడవి కాబట్టి నేల బాగా కనిపిస్తుంది, దారి పొడవునా మోదుగు పూలు, కింద ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు. వానాకాలంలో ఇదే నేల గడ్డితో కప్పుకుపోతుంది. పండగ నాడు కాకుండా మర్నాడు పెట్టుకోండి. ముందు సిరొంచాలో అటవీ శాఖ ఆఫీసులో అడిగి వెళ్తే మంచిది.

ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోనివ్వకండి. మా పిల్లాడొకడు బొటనవేలంత రాతి చెక్క తెచ్చి మర్నాడు ఏడుస్తూ ఇచ్చాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు పెట్టొద్దామన్నాం, కానీ ఎక్కడ తీశాడో వాడికే గుర్తు లేదు. ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలియకపోతే శిలాజం సగం మూగదైపోతుంది. కావాలంటే ఫోటో తీసుకోండి, పక్కన పది రూపాయల నాణెం పెడితే కొలత కూడా తెలుస్తుంది.

బరపాసారస్ తల ఎముక ఇప్పటిదాకా దొరకలేదు. కొన్ని పళ్ళు మాత్రమే దొరికాయి. కోల్‌కతాలో నిలబెట్టిన దానికి తల మిగతా డైనోసార్లని చూసి ఊహించి పెట్టిందే. తిరుగు దారిలో బాబుకి ఒక కాగితం ఇచ్చి, ఆ తల ఎలా ఉండి ఉంటుందో గీయమనండి. ఆకులు తినేది, పొడవాటి మెడ, చెంచాలాంటి పళ్ళు అన్న మూడు ముక్కలు చెబితే చాలు. మా బడి గోడ మీద అలాంటి తలలు నలభైకి పైగా ఉన్నాయి. మీ వాడు గీసింది కూడా పంపితే వాటి పక్కన అంటిస్తాను.